ఈ చెరువు ఎవరిది?

గత సంవత్సరము వర్షాకాలమున ఒక శనివారమునాడు తొమ్మిదవ తరగతి బాలబాలికలను వెంటబెట్టుకొని నేను మాధాపురము చెంతనున్న దుర్గము చెరువు గట్టునకు పోయితిని. పౌరశాస్త్రములో స్థానిక స్వపరిపాలనమను పాఠము అంతకు రెండు దినములకు పూర్వమే ముగిసియుండెను. కేంద్ర ప్రభుత్వము, రాష్ట్ర ప్రభుత్వము, పురపాలక సంఘము అను మాటలను పిల్లలు తప్పు లేకుండ అప్పగించిరి. అప్పగించుట వేరు, ఎరుగుట వేరు. పాఠమును నల్లబల్ల మీదనుండి వీధిలోనికి తీసికొనిపోనిచో అది పరీక్షనాటి సాయంకాలమునకే ఆవిరియగునని శిక్షణ కళాశాలలో మా ఆచార్యులొకరు చెప్పుచుండెడివారు. ఇరువది యేండ్లు గడచినను ఆ మాట నేను మరువలేదు.

చెరువు చూచుటకు రమ్యముగానే యుండెను. ఒక ప్రక్క ఏనుగుల మందవలె పెద్ద పెద్ద గుండ్లు. వేరొక ప్రక్క అద్దముల మేడలు. వాని నడుమ తీగల వంతెన. 2020 సెప్టెంబరు 25వ తేదీన తెరవబడిన ఆ వంతెన, నీటిలో స్తంభము లేకుండ, 233 మీటర్లకు పైగా చాచుకొనియున్నది. పిల్లలు దాని తీగలను లెక్కించుటలో మునిగియుండిరి. వెనుక నిలిచిన ఒక బాలుడు ముక్కునకు చేతిరుమాలు అడ్డము పెట్టుకొని, "సార్, ఈ చెరువు ఎవరిది?" అని యడిగెను. "మన అందరిది నాయనా" అంటిని. "చెరువు అందరిదైతే ఈ వాసన ఎవరిది సార్?" అని వాడు మరల నడిగెను. తక్కినవారు పకపక నవ్విరి. నేనును నవ్వితిని గాని నా యొద్ద జవాబు లేకపోయెను.

ఈ వ్యాసము ఆ బాలునికి నేను బాకీపడిన జవాబు.

తరువాతి సోమవారము తరగతికి ఒక ఇంటిపని పెట్టితిని. ఈ చెరువుమీద ఏ కచేరీకి ఏ అధికారము కలదో పదునైదు దినములలో కనుగొని రావలెను. తండ్రులను అడుగవచ్చును, వార్తాపత్రికలు చూడవచ్చును, కచేరీలకు పోయి మర్యాదగా విచారింపవచ్చును. వారు తెచ్చిన జాబితా నేనెరిగినదానికంటె పొడవుగా నుండెను. నీరు నిలుచు నేలయొక్క ఎల్లలు రెవిన్యూశాఖ దస్తరములలోను నీటిపారుదలశాఖ పటములలోను ఉన్నవి. ఆ ఎల్లలను తేల్చి ప్రకటించుటకు మహానగరాభివృద్ధి సంస్థ క్రింద 2010లో చెరువుల పరిరక్షణ కమిటీ యొకటి ఏర్పడినది. గట్టుమీది నడకదారియు చెత్తయెత్తుటయు నగరపాలక సంస్థ పని. మురుగునీటి గొట్టములును శుద్ధికేంద్రములును 1989లో ఏర్పడిన జలమండలివి. నీటి గుణమును పరీక్షించువారు కాలుష్య నియంత్రణ మండలివారు. పడవలు పర్యాటక శాఖవి. చుట్టునున్న పరిశ్రమల స్థలములలో పెక్కింటిని కేటాయించినది పారిశ్రామిక మౌలిక సదుపాయముల సంస్థ. వంతెనమీద బండ్లను నడిపించువారు పోలీసులు. ఇవన్నియు చాలవన్నట్లు 2024 జూలైలో ఆక్రమణలను అరికట్టుటకు హైడ్రా అను క్రొత్త సంస్థ పుట్టెను; ఆ మరునెలలోనే చెరువు హద్దులోనికి వచ్చినవని చెప్పుచు చుట్టుప్రక్కల రెండువందలకు పైగా ఇండ్లకు రెవిన్యూ అధికారులు నోటీసులు అంటించిరి.

ఒక బాలిక తన జాబితా అడుగున "మరి మనము?" అని వ్రాసి పెద్ద ప్రశ్నార్థకము పెట్టెను. ఆమెకు పదికి పది మార్కులు వేసితిని.

మంది యెక్కువైన మజ్జిగ పలుచనగునను సామెత మీరందరు ఎరిగినదే. ఇందరు కావలివారు గల చెరువు కంపుకొట్టుచున్నదనిన, వారిలో ఎవరో ఒకరు దుర్మార్గులని తలంపరాదు. ఒకరి పని ఎచ్చట ముగియునో, రెండవవారి పని ఎచ్చట మొదలగునో, ఆ సందులోనుండియే మురుగు కారుచున్నది. ఆ సందును ఎల్లప్పుడు చూచుచుండువారు ప్రక్కనే నివసించు జనులు. కావున ప్రభుత్వముతో ప్రజాసంఘములు కలసి పనిచేయుట యనునది మర్యాదకొరకు జరుగు సభాసన్మానము కాదు; అది లేక పని జరుగదు.

ఈ కలయికకు ఇప్పుడు అందరు భాగస్వామ్యమని పేరు పెట్టినారు. పెద్ద మాట. మన పల్లెలలో దీనికంటె పాతదియు నిక్కమైనదియు నగు మాట యున్నది: పాలు. పాలుకు సేద్యము చేయువారు విత్తుటకు ముందే చెట్టుక్రింద కూర్చుండి మాటలాడుకొందురు. విత్తనము ఎవరిది, ఎద్దులు ఎవరివి, ఎరువు ఎవరు తోలవలెను, కళ్లములో ఎవరికెంత? ఈ మాటలు ముందుగా తేలనిచో పంట చేతికి వచ్చునప్పుడు తగవు తప్పదు. అర్జీ ఇచ్చి చేతులు కట్టుకొని నిలుచుట పాలు కాదు, అది యాచన. ధనికుడగువాడు డబ్బు పారవేసి పేరుపలక వేయించుకొనుటయు పాలు కాదు. ఎవరి విత్తనము, ఎవరి ఎద్దులు అను ప్రశ్నలనే చేతబట్టుకొని మనము కొన్ని నిజమైన ఉదాహరణములను పరీక్షింతము.

ముందుగా చట్టము సంగతి. దీనిని త్వరగా దాటుదము. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ, 74వ రాజ్యాంగ సవరణములు 1993లో అమలునకు వచ్చినవి. మొదటిది పంచాయతులకు, రెండవది పట్టణములకు. 74వ సవరణము పట్టణ సంస్థలకు అప్పగింపదగిన 18 విషయములను పండ్రెండవ షెడ్యూలులో చేర్చినది. మూడు లక్షలు, అంతకు మించిన జనసంఖ్యగల పట్టణములలో వార్డు కమిటీలు ఉండవలెనని చెప్పినది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము వార్డునకు నాలుగు కమిటీలను నిర్దేశించినది: యువజనులకు ఒకటి, స్త్రీలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, ప్రముఖ పౌరులకు ఒకటి. కాగితముమీద మన కుర్చీ వేసియే యున్నది. దానిలో ఎవరు కూర్చున్నారని మీ తలిదండ్రులను అడిగి చూడుడు.

ఇక కథ. హైదరాబాదు నగరమునకు ఈ విషయమున ఒక గొప్ప చరిత్ర కలదు. అది అద్దముల మేడలకు మూడు దశాబ్దములు ముందటిది. కేంద్ర ప్రభుత్వము 1966లో పట్టణ సముదాయాభివృద్ధి యను ప్రయోగ పథకమును ప్రారంభించి కొన్ని నగరములకు సాయము చేసెను. హైదరాబాదు నగరపాలక సంస్థ 1967లో దానిని చేపట్టెను. ఇతర నగరములలో ఈ పథకము చాలచోట్ల క్రమముగా కృశించిపోగా, ఇచ్చట నిలిచి పెరిగెను. దాని కార్యకర్తలు పథకమును ముందుగా వ్రాసికొని బస్తీకి పోలేదు. బస్తీలో కూర్చుండి, మీకు ఏది ముందు కావలెనని యడిగిరి. ఒకచోట బాలవాడి, వేరొకచోట కుట్టుపని నేర్పు తరగతి, మరియొకచోట కుళాయి. బస్తీవారు తమలో తాము సంఘము కట్టుకొని, స్థలమో, శ్రమమో, కొంత చందాయో ఇచ్చిరి. నగరపాలక సంస్థ తక్కినది ఇచ్చెను. 1970 దశాబ్దమున ఐక్యరాజ్య సమితి బాలల సంస్థయగు యూనిసెఫ్ తోడుపడెను. పిమ్మట గుడిసెలున్న నేలకు పట్టాలు, బ్యాంకు అప్పులు, ఇంటివారి సొంత రెక్కల కష్టము, ఈ మూడును కలిసి వేలకొలది పక్కా ఇండ్లు లేచినవి. 1980 దశాబ్దమున బ్రిటిషు ప్రభుత్వము సహితము ధనసాయము చేసెను.

ఇచ్చట విత్తనము ఎవరిది? కేంద్రముది. ఎద్దులు నగరపాలక సంస్థవి. దున్నినవారు బస్తీవారు. ఇల్లు బస్తీవానికే దక్కినది గనుక కళ్లము దగ్గర తగవు రాలేదు. పట్టా ఇచ్చుటయే ఇందులో కీలకమని నా యభిప్రాయము. రేపు ఖాళీ చేయింపబడుదుమేమో అను భయముగలవాడు ఇటుక పేర్చడు, సభకు రాడు, చందా ఇయ్యడు.

జన్మభూమి యను పేరు మీలో పెద్దలకు జ్ఞాపకముండును. 1997 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని ప్రారంభించెను. దక్షిణ కొరియాలో 1970లో మొదలైన సేమౌల్ ఉండోంగ్ అను పల్లె పునర్నిర్మాణోద్యమము దీనికి మాదిరి. గ్రామసభలో అధికారులు జనుల ముందు నిలిచి జవాబు చెప్పవలెను. పనికి అగు ఖర్చులో ప్రజలు కొంత పాలు భరింపవలెను. ఆలోచన మంచిది. అనేక గ్రామములలో బడిగదులును బాటలును దానివలన వచ్చినవి. కాని కొన్నిచోట్ల ప్రజల పాలును గుత్తేదారు తానే చెల్లించి, పనిని తానే చేసికొని, ప్రజల పేరు వ్రాసెనను విమర్శయు వినబడెను. 2004లో ప్రభుత్వము మారుటతో అది నిలిచిపోయెను. ఒక ముఖ్యమంత్రితో వచ్చి ఆయనతోనే పోవునది ఉత్సవమగును గాని ఒడంబడిక కాజాలదు.

అదే కాలమున, 1998 నవంబరు 22వ తేదీన, మాధాపురమున సైబర్ టవర్సు అను గుండ్రని మేడను నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. హైటెక్ సిటీకి అది మొదటి మేడ. ఎల్ అండ్ టీ కంపెనీయు రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయముల సంస్థయు కూడి దానిని కట్టిరి. సాఫ్టువేరు ఎగుమతులకు తోడ్పడుటకు కేంద్ర ప్రభుత్వము 1991లోనే సాఫ్టువేరు టెక్నాలజీ పార్కుల సంస్థను నెలకొల్పియుండెను. 2003 ఆగష్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడువనారంభించినవి, ఆ రైలుమార్గపు మొదటి దశకు రైల్వేయు రాష్ట్ర ప్రభుత్వమును చెరిసగము ఖర్చు పెట్టుకొనినవి. ఇట్లు కేంద్రము, రాష్ట్రము, కంపెనీ, ముగ్గురును కలసి పాలుకు సేద్యము చేసిరి, పంటయు పండెను. మన విద్యార్థులలో ఎందరి అన్నలో ఆ మేడలలో ఉద్యోగము చేయుచున్నారు. అయితే ఆ చెట్టుక్రింద కూర్చుండినవారిలో నాలుగవవాడు లేడు. మాధాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలో అంతకుముందే యున్న జనులకు శేరిలింగంపల్లి పురపాలక సంఘము కొంత దగ్గరగా నుండెను; 2007 ఏప్రిల్ 16న అదియు గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయెను. అటు పిమ్మట నగరపు ఎల్లలును వార్డులును పలుమారు మార్చబడినవి. కచేరీ పెద్దదగుచు వచ్చినకొలది గుమ్మము దూరమాయెను.

ఈ ప్రాంతమున భాగస్వామ్యమునకు మొదటి పాఠము చెప్పినది ఒక చిన్న సంఘము; అదియు రాళ్లకొరకు! దక్కను పీఠభూమియందలి ఈ నల్లరాతి గుండ్లు సుమారు 250 కోట్ల యేండ్లనాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మేడల పునాదులకొరకు వానిని పగులగొట్టుచుండగా చూడలేక కొందరు నగరవాసులు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంఘమును స్థాపించిరి. విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారియు చరిత్రకారుడునగు నరేంద్ర లూథర్ గారు దానికి అధ్యక్షులుగా నుండిరి. వారు కేకలు వేయుటతో తృప్తిపడలేదు. ఏ గుండు ఎచ్చటనున్నదో తిరిగి చూచి, ఛాయాచిత్రములు తీసి, పేర్లు పెట్టి, జాబితా తయారుచేసి ప్రభుత్వము చేతికిచ్చిరి. తత్ఫలితముగా తొమ్మిది శిలాసముదాయములు నగరపు వారసత్వ సంపదల జాబితాకెక్కినవి. దుర్గము చెరువు చుట్టునున్న గుట్టలు అందులో నొకటి. శిల్పారామములోని ఎలుగుబంటి ముక్కు వంటి గుండు వేరొకటి. ప్రభుత్వమునకు కోపముతో కూడిన అర్జీలు వేలకొలది వచ్చుచుండును; సిద్ధమైన జాబితా ఎప్పుడో గాని రాదు.

రెండవ పాఠము పోలీసులది. సైబరాబాదు పోలీసు కమిషనరేటును ఐ.టి. కంపెనీలును చేరి సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ అను సంఘమును నడుపుచున్నారు. 2013లో ఈ ప్రాంతమున వాహనముకొరకు వేచియున్న ఒక ఉద్యోగినికి జరిగిన ఘోరము రాష్ట్రమునంతయు కలచివేసెను. 2014 అక్టోబరులో హైదరాబాదున షీ టీములు ఏర్పడినవి. కంపెనీలును పోలీసులును కలసిన పై సంఘమువారు స్త్రీలకొరకు షీ షటిల్ అను ఉచిత బస్సులను నడిపించిరి. కంపెనీలలోనే కొందరు ఉద్యోగినులకు శిక్షణమిచ్చి, తోడివారు ఆపదలో నున్నప్పుడు పోలీసులతో మాటలాడుటకు మార్గదర్శకులుగా నియమించిరి. బస్సులు కంపెనీలవి, అధికారము పోలీసులది, తీరిక సమయము ఉద్యోగులది. ఎవరి పాలు ఏమిటో స్పష్టముగా నున్నది గనుక ఈ సంఘము కమిషనర్లు మారినను నిలిచినది. దీనిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకొందును.

మెచ్చుకొనుచునే ఒక మాట చెప్పవలసియున్నది. మా తరగతిలోని ఒక విద్యార్థిని తల్లి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, మూడు ఫ్లాట్లలో వంటచేసి, పిమ్మట ఒక మేడలో నేల తుడుచును. తండ్రి వేరొక మేడకు రాత్రి కాపలా. 'మా అమ్మ నడిచే దారి' అని ఆ పిల్ల వ్రాసిన వ్యాసములో దీపములేని మలుపులు రెండును, మూతలేని మ్యాన్‌హోలు ఒకటియు కలవు. ఆ మలుపులు ఏ కంపెనీ పటములోను లేవు. కంపెనీ గుర్తింపు బిళ్ల మెడలో లేనివారికి ఇట్టి సంఘములలో కుర్చీ ఎచ్చటనుండి వచ్చును? కంపెనీలు తమకు తెలిసిన దారులకు దీపములు అడిగినవి. అది వారి తప్పు కాదు. తెలియని దారులను చెప్పువారిని పిలువకపోవుటయే లోపము.

మూడవది మన చెరువు సంగతియే. గోలకొండ కోటకు కుతుబ్‌షాహీల కాలమున త్రాగునీరిచ్చిన ఈ చెరువు, చుట్టు ఊరు పెరిగినకొలది మురుగుతో నిండి, గుఱ్ఱపుడెక్క మొక్కతో కప్పబడిపోయెను. అప్పుడు కేంద్రచట్ట మొకటి అక్కరకు వచ్చెను. 2013 నాటి కంపెనీల చట్టమునందలి 135వ విభాగము, 2014 ఏప్రిల్ నుండి, నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజహితమునకు వ్యయపరుపవలెనని విధించినది. తాము పనిచేయు ప్రదేశమునకు ప్రాధాన్యమియ్యవలెననియు చెప్పినది. కె. రహేజా సంస్థ అట్టి నిధితో, నగరపాలక సంస్థతో కూడి, దుర్గము చెరువును దత్తత తీసికొని గుఱ్ఱపుడెక్క తీయించి, నడకదారి వేయించెను. నేడు ఉదయమున అచ్చట వందలాది జనులు నడచుచున్నారు. కన్నులకు కనబడు పని జరిగినది; దానిని కాదనుట కృతఘ్నత. అయితే దత్తత యను మాటయే నాకు రుచింపదు. తలిదండ్రులు లేని శిశువును దత్తత తీసికొందురు. ఈ చెరువునకు తలిదండ్రులు కావలసినంతమంది యున్నారు! గట్టుపై పూలమొక్కలు నాటుటకు డబ్బు చాలును. లోపలికి వచ్చు మురుగును ఆపుటకు ఎగువనున్న ప్రతి కాలనీయు, ప్రతి మేడయు ఒప్పుకొనవలెను. ఆ ఒప్పుదలను ఏ కంపెనీయు కొనజాలదు.

బెంగుళూరున సర్జాపురము బాటప్రక్కన కైకొండ్రహళ్లి చెరువు కలదు. అదియు ఐ.టి. మేడల నడుమనున్నదే, మన తెలుగువారెందరో దాని చుట్టు కాపురమున్నారు. అచ్చటి నివాసులు నగరపాలక సంస్థ ఇంజనీర్లతో కూర్చుండి చెరువు పునరుద్ధరణకు ఆలోచన చేసిరి; 2011లో వారి సంఘమును నగరపాలక సంస్థయు ఒడంబడిక వ్రాసికొనిరి. డబ్బు ప్రభుత్వముది, దినదినపు కాపుదల ప్రజలది. నాకు నచ్చిన అంశము వేరే యున్నది. గడ్డి కోసికొనుటకు వచ్చు పశువుల కాపరులను, చేపలు పట్టువారిని వారు వెళ్లగొట్టలేదు. క్రొత్తగా వచ్చినవారి నడకయు పాతవారి గడ్డిమోపును ఒకే గట్టుమీద ఇమిడినవి. గడ్డి కోయువాడు ప్రతిదినము వచ్చును. నురుగు ఎప్పుడు లేచినదో, ఏ తూమునుండి లేచినదో వానికే ముందుగా తెలియును.

పరుల కథలు చాలును, మా సంగతి చెప్పెదను. మా కాలనీ సంక్షేమ సంఘమునకు నేను కొంతకాలము కార్యదర్శిగా నుంటిని. వాన కురిసినప్పుడెల్ల మా దిగువ సందులోని ఇండ్లలోనికి మురుగునీరు వచ్చుచుండెను. మూడేండ్లు అర్జీలు వ్రాసితిమి. ఒక్కొక్క అర్జీలో కుక్కలు, దీపములు, పార్కు, మురుగు, అన్నియు కలిపి వ్రాసితిమి. అధికారులు వచ్చిన పూలదండలు వేసి ఛాయాచిత్రములు తీయించుకొంటిమి. పని జరుగలేదు. ఆ కచేరీవారిని నేను చాల నిందించితిని. ఒక సభలో కొంచెము పరుషముగానే మాటలాడితిని. తుదకు ఒక యువ ఇంజనీరు మా అర్జీని చదివి, "సార్, ఇది నాలుగు కచేరీలకు పోవలసిన కాగితము. నా పని ఇందులో ఏదో విడదీసి ఇయ్యండి, నేను చేస్తాను" అనెను. అంతటితో ఆగక, "మీ ఇండ్ల డాబాల వాన గొట్టములు ఎక్కడికి పోతున్నవో చూచినారా?" అని యడిగెను.

చూచితిమి. పదునొకండు ఇండ్లవారు డాబామీది వాననీటిని తిన్నగా మురుగు గొట్టములోనికి కలిపియుండిరి. అందులో నా ఇల్లు నొకటి. మురుగునీరు కొలతగా పోవుటకు వేసిన గొట్టములో వాననీటిని త్రోసినచో అది దిగువవాని గడపలో పొంగక ఏమి చేయును? మూడేండ్లు నేను ఎవరిని నిందించితినో ఆ నింద సగము నా డాబామీదనే యుండెను.

ఇంకొక సంగతి. మా సంఘపు నిబంధనల ప్రకారము ఇంటి యజమానులే సభ్యులు. దిగువ సందులో అద్దెకున్నవారికి గాని, ఆవలి బస్తీవారికి గాని ప్రవేశము లేదు. నీరు వచ్చునది వారి ఇండ్లలోనికి, సభ జరుగునది మా ఇండ్లలో! ఆ దినము మొదటిసారిగా వారిని పిలిచితిమి. బస్తీనుండి వచ్చిన ఒక వృద్ధురాలు వీధి చివరకు మమ్ము తీసికొనిపోయి, ఒక ప్రహరీగోడను చూపి, "గిది కాలువ సారూ. మీ ఇండ్లు రాకముందు వాననీళ్లు ఈడికెల్లే చెరువుకు పోతుండె. గోడ పెట్టినంక నీళ్లు ఏడికి పోతయి?" అనెను. "ఇంతకాలము చెప్పలేదేమి పెద్దమ్మా?" అని యడిగితిని. "అడిగినోళ్లెవరు బిడ్డా?" అనెను.

పిమ్మట ఒకే కాగితముమీద వ్రాసికొంటిమి. పదునొకండు ఇండ్లవారు నలువది దినములలో గొట్టములు విడదీసి, తమ ఖర్చుతో ఇంకుడుగుంతలు త్రవ్వవలెను. కచేరీవారు గోడక్రింద పెద్ద తూము వేయవలెను. బస్తీవారిలో ఇద్దరు, కాలనీవారిలో ఇద్దరు, వాన వచ్చిన ప్రతి దినము తూము చూచి పుస్తకములో గుర్తు పెట్టవలెను. ఇంజనీరు చేవ్రాలు చేసెను, మేమును చేసితిమి, పెద్దమ్మ వేలిముద్ర వేసెను. ఏడు ఇండ్లవారు గడువులోగా పని ముగించిరి, నలుగురు ముగింపలేదు. వారిలో ఇద్దరితో నాకు నేటికిని మాటలు లేవు. తూము ఆలస్యముగానే వచ్చెను గాని వచ్చెను. తరువాతి వానలో నీరు గడప దాటలేదని చెప్పలేను. రెండు పర్యాయములు దాటెను. మునుపు అది లెక్కలేనన్ని పర్యాయములు దాటుచుండెను.

విద్యార్థులారా, చెరువు దగ్గర వాడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు కొంతవరకు జవాబు చెప్పగలను. ఆ వాసన ఎగువనున్న మన అందరిది. దానిని తీయుట ఎవరి పాలికి ఎంత వచ్చునో విడదీయుట మాత్రము ఇంకను జరుగలేదు. ఆ విడదీత మనవంటివారు మొదలుపెట్టదగినదే. దానికి కావలసిన పనిముట్టు ఒకటి కేంద్రచట్టమే ఇచ్చినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము పౌరుడెవడైనను ప్రభుత్వ కచేరీని సమాచారమడుగవచ్చును. సామాన్యముగా 30 దినములలో జవాబియ్యవలెను. కోపము అక్కరలేదు, పూలదండలు అక్కరలేదు. ప్రశ్న చిన్నదిగాను, ఒక్క కచేరీకి చెందినదిగాను ఉండవలెను.

గత మాసమున మా తరగతివారు అట్టి ప్రశ్న యొకటి తయారుచేసిరి. మొదటి ప్రతిలో పదునాలుగు ప్రశ్నలుండెను. కొట్టివేసి కొట్టివేసి మూడింటికి తెచ్చితిమి. చెరువులోనికి వచ్చు కాలువలు ఎన్ని? వానిలో మురుగు గొట్టమునకు మళ్లింపబడినవి ఎన్ని? మళ్లింపబడనివి ఏ వీధులనుండి వచ్చుచున్నవి? వారు పిన్నవారగుటచే దానిపై నేను చేవ్రాలు చేసితిని. ముక్కునకు చేతిరుమాలు పెట్టుకొనిన బాలుడే దానిని తపాలాకచేరీకి తీసికొనిపోయి స్పీడుపోస్టులో వేసి రసీదు తెచ్చెను. ఆ రసీదు మా తరగతి గోడకు అంటించియున్నది. దాని క్రింద రోజునకొక గీత చొప్పున పిల్లలు సుద్దముక్కతో గీయుచున్నారు. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి పందొమ్మిది గీతలైనవి.